ఎంగిలి చెయ్యని పులిహోర

సంగారెడ్డి దారిలో ముత్తంగి జంక్షన్‌లో బస్సు దిగిన కొత్తవాళ్లు ముందు ముక్కు మూసుకుంటారు. "ఏమిటండీ ఈ వాసన?" అని మనల్నే అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఏ వాసన? నేనిక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా వచ్చి క్వార్టర్లో కాపురం పెట్టాడు. మందుల ఫ్యాక్టరీల గాలి పీల్చి పీల్చి మా ముక్కులు మొద్దుబారిపోయాయి. ఊరి నుంచి చుట్టాలొస్తే వాళ్ల మొహాలు చూసి, ఇవాళ గాలి ఇటు తిరిగిందన్నమాట అనుకునేవాళ్లం.

అలాంటి ముక్కు పెట్టుకుని నేను చేసే ఉద్యోగం రుచులు చూడడం. మాది రెడీమేడ్ భోజనాల కంపెనీ. ప్యాకెట్ చింపి, వేడిచేసుకుని తినే ఉప్మా, రాజ్మా, బిర్యానీ లాంటివి తయారుచేస్తాం. రైళ్లకు పోతాయి, మిలిటరీకి పోతాయి. కొత్త వంటకం ఏదొచ్చినా ముందు చిన్న వంటింట్లో కొద్దిగా చేసి చూస్తారు. ట్రయల్ కిచెన్ అంటారు దాన్ని. దానికి నేను ఇన్‌చార్జిని. ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని కాబట్టి ఆ పని నాకు సరిపోయింది. "కాలుగాలిన పిల్లి" అని మా అమ్మ ఊరికే అనలేదు. పొయ్యి దగ్గరికి, గోదాము దగ్గరికి, సారు గదికి తిరుగుతూనే ఉంటాను.

ఆ కిచెన్‌లో వంట చేసేది పెద్దమ్మ. నాకు చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. కొండాపూర్ మండలంలో పల్లె ఆమెది. పొద్దున్నే ఆటోలో సంగారెడ్డి వచ్చి, అక్కడ కంపెనీ బస్సు ఎక్కుతుంది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఫ్యాక్టరీ క్యాంటీన్లలో వండింది. ఆమె వండినంత అన్నం మా జిల్లాలో ఇంకెవరూ వండి ఉండరు. కొలతలూ తూకాలూ ఎరగదు, అంతా చేతి అంచనా.

ఆ ఆర్డరు మాకు మూడో చేతి మీదుగా వచ్చింది. విదేశంలో ఒక ప్రైవేటు కంపెనీ నలుగుర్ని రాకెట్‌లో ఎక్కించి, భూమి చుట్టూ తిరిగే స్టేషన్‌కు పంపుతుందట. రెండు వారాలుండి దిగి వస్తారట. ఆ నలుగురిలో ఒక డాక్టరమ్మ ఉంది. పుట్టింది మన దేశంలోనే. ఆవిడకు పైన తినడానికి పులిహోర కావాలట. బెంగళూరులో ఎవరో ఈ తిండి పని ఒప్పుకుని, పులిహోర వరకూ మాకు అప్పజెప్పారు. ఆ సంగతి కిచెన్‌లో చెప్పగానే పెద్దమ్మ గరిటె పక్కన పెట్టింది.

"సర్కారు పంపిస్తలేదా బిడ్డా? పైసలిచ్చి పోతరా?"

"సీటు కొనుక్కుంటారు పెద్దమ్మా. కొందరికి వాళ్ల దేశం కొనిపెడుతుంది, కొందరు సొంత డబ్బుతో పోతారు."

"సొంత పైసల్తోనా? ఆడ ఏమున్నదని?"

"ఏమీ లేదు. గాల్లో తేలుతుంటారు."

"తేలనీకి గంత దూరం ఎందుకు? మా బాయిల దుంకితె తేలరా?"

కిచెన్ అంతా నవ్వింది. కానీ పని మొదలుపెట్టాక నవ్వు తగ్గింది. ఒక్క మెతుకు కూడా విడిగా ఎగరకూడదు. పొడి రాలకూడదు. కరివేపాకు పెళుసుగా ఉండకూడదు. ముద్ద చెంచాకు అంటుకుని ఉండాలి, లేకపోతే గాల్లోకి పోయి ఏ మిషన్‌లోనో దూరుతుంది. పొడిపొడిగా వండలేదని జన్మంతా క్యాంటీన్లలో తిట్లు తిన్న పెద్దమ్మను ఇప్పుడు ముద్దగా వండమన్నాం. "మంచిగనె ఉన్నది మీ కథ" అంది.

మొదటి లాట్ వండింది. ప్యాకెట్లలో నింపి, మూతి అతికించి, పెద్ద స్టీలు డ్రమ్ములాంటి కుక్కర్లో ఉడికించి తీశాం. పంపాల్సినవి పెట్టెలో సర్దేశాం. కొన్ని ప్యాకెట్లు మా దగ్గర ఉంచుకోవడం అలవాటు. మర్నాడు పెట్టె కారెక్కే ముందు, ఊరికే ఉండలేక, మేముంచుకున్నవాటిలోంచి ఒకటి చింపి నోట్లో పెట్టుకున్నాను. పులుపుంది, ఘాటుంది, ఇంగువ ఉంది. ఉప్పు లేదు. తక్కువవడం కాదు, అసలు వెయ్యనే లేదు. గేటు దగ్గరికి పరుగెత్తి కారు ఆపించాను.

మా మేనేజరు గుంటూరు వైపు మనిషి. అందరం సారు అంటాం. ఆయన కిచెన్‌లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు రుచి చూశారు? వండినవాళ్లు రుచి చూడకుండా ప్యాకింగుకు పోకూడదని రూలు లేదూ?"

"నేను చూడలె సారు" అంది పెద్దమ్మ.

"ఎందుకని?"

"గా పులిహోర పైకి పోయేది సారు. ఎంగిలి జేసి ఎట్ల పంపుత? దేవునికి పెట్టేది రుచి చూసి పెడతమా?"

సారు పూజాపునస్కారాల మనిషి, శనివారం ఉపవాసం ఉంటాడు. ఆయన కోపం అట్లాగే దిగిపోవడం నా కళ్లతో చూశాను. "అదీ నిజమేలే" అన్నాడు. "మా ఇంట్లో ప్రసాదం పులిహోర చేస్తే మా ఆవిడ వాసన కూడా చూడదు." ఆ పైన తనే దారి చెప్పాడు. ఈసారి వండగానే కొంచెం తీసి గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టాలి. దణ్ణం పెట్టుకున్నాక అది ప్రసాదం. ప్రసాదం తింటే ఎంగిలేమీ ఉండదు. అప్పుడు పెద్దమ్మ తన ఎదురుగానే రుచి చూసి, సరిపోయిందంటేనే ప్యాకింగుకు పోవాలి.

ఆయన చెప్పింది సబబుగానే ఉందనిపించింది. కానీ పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. సారు వెళ్లగానే విసుక్కున్నాను.

"ఇంకేం బాధ పెద్దమ్మా? ప్రసాదం అన్నాడుగా."

నా చెయ్యి పట్టుకుని వెనక గిన్నెలు కడిగే చోటికి తీసుకుపోయింది. కుళాయి తిప్పింది, మాటలు లోపలికి వినపడకుండా.

"నాకు తెల్వది బిడ్డా."

"ఏం తెలీదు?"

"ఉప్పు. ఉప్పొక్కటేంది, ఏదీ తెల్వది. కరోనా జ్వరం వచ్చినప్పుడు పోయింది. అందరికి మల్ల వచ్చింది, నాకు రాలె."

జ్వరాలొచ్చి ఏళ్లయింది. అప్పటి నుంచీ ఈవిడ వండినవన్నీ నేను తిన్నాను. మెచ్చుకున్నాను కూడా.

"మరి ఇన్నాళ్లూ ఎట్లా వండావు?"

"చేతికి అలవాటున్నది గద. బగోన చూస్తె ఎన్ని పిడికిళ్లు పడాల్నో చెయ్యికే ఎరుక. గీ చిన్న గిన్నెల వంటకె పరేషాన్ అయితున్న. నిన్న ఉప్పు వేసిన్నో లేదో యాదికి లేదు. ఇంతకుముందైతె నాలుక మీద ఏసుకుంటె తెలిసిపోయేది."

"ఇంట్లో తెలుసా?"

"ఎవ్వరికి చెప్పలె. వండెటామెకు నాలుక పోయిందంటె ఇగ ఏమున్నది? రేకులొత్తె ప్రెస్సు మీద పన్జేసెటోనికి చెయ్యి పోయినట్టె. రేపే ఇంటికి పొమ్మంటరు." కొంగుతో మొహం తుడుచుకుంది. "తింటె గడ్డి తిన్నట్టుంటది. మిరపకాయ ఒక్కటి మండుతది. గా మంట కోసమె తింటున్న."

నాకు కోపం రాలేదు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది. రాకెట్టు పోయేదాకా నోరు విప్పొద్దని. "ఒక్కసారి గామె నా చేతిది తిననీ. తిన్నంక నేనే చెప్పి పోత. నన్ను వెళ్లగొట్టొద్దు, అంతె." నేను సరేనన్నాను. ఇప్పుడైనా అదే అంటాను.

రెండో లాట్ రోజు నేనూ పెద్దమ్మా ఒక ఏర్పాటు చేసుకున్నాం. ముందు నేను చాటుగా రుచి చూస్తాను. సరిపోతే చేతులు కట్టుకుని నిలబడతాను. తక్కువైతే గరిటె పట్టుకుంటాను. పటం ముందు పెట్టడం, దణ్ణాలు అన్నీ అయ్యాయి. పెద్దమ్మ ఒక ముద్ద నోట్లో వేసుకుని కళ్లు మూసి తెరిచింది. నా చేతిలో గరిటె ఉంది.

"ఇంకొంచెం పడాలె సారు."

సారు కూడా రుచి చూశాడు. "అబ్బ, నాలుకంటే అదీ" అన్నాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

పెట్టె తీసుకుపోవడానికి బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చింది, తిండి సంగతులు చదువుకున్న అమ్మాయి. పైన మనిషి ఒళ్లు ఎట్లా మారిపోతుందో మాకు చెప్పింది. అక్కడ కిందకి లాగేది ఉండదు కాబట్టి ఒంట్లో నీరంతా తలకెక్కుతుందట. మొహాలు ఉబ్బుతాయట, జలుబు చేసినట్టు ముక్కులు మూసుకుపోతాయట. ఏది తిన్నా చప్పగానే ఉంటుందట. అందుకే కారం తెగ అడుగుతారట. పెద్దమ్మ చేతులు కొంగులో దాచుకుని వింటోంది. నెమ్మదిగా నన్ను పొడిచింది.

"మల్ల వస్తదా వాళ్లకు? అడుగు."

అడిగాను. కిందకు దిగిన కొన్నాళ్లకే వచ్చేస్తుందని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. పెద్దమ్మ గిన్నె కడగడానికి వెళ్లిపోయింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. పెట్టె పోయింది, రాకెట్టు పోదు. మొదట వాన అన్నారు. తర్వాత గాలి అన్నారు. ఆ తర్వాత ఎక్కడో ఏదో కారుతోందన్నారు. ఒకసారి రాకెట్టు బాగానే ఉంది, స్టేషనే బాగాలేదన్నారు. సారు ఉత్సాహం కొద్దీ గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు, రాకెట్టు బొమ్మతో, తేదీతో. తేదీ మారినప్పుడల్లా దాని మీద కొత్త కాగితం అంటించేవారు. ఆ ముక్క ఉబ్బి, అట్టలా లేచి, గాలికి టపటప కొట్టుకునేది. పొద్దున గేటులోకి రాగానే ముందు నా కళ్లు దాని మీదికే పోయేవి.

నా అవస్థ చెప్పలేను. ఫోను చేతిలోంచి దింపలేదు. మేముండేది అమీన్‌పూర్ అపార్ట్‌మెంటులో. మా ఆయన పొద్దున్నే సిటీకి కారేసుకుని ఆఫీసుకు పోతూ, "మీ పులిహోర ఎక్కిందా, ఇంకా స్టాండులోనే ఉందా?" అనేవాడు. ఆ ఫోను తీసి ఆయన మీదే విసరాలనిపించేది. ఆ నలుగుర్ని ఎవరినీ కలవనివ్వకుండా విడిగా ఒకచోట ఉంచారట, జబ్బులంటకుండా. ఎన్నిసార్లు వాయిదా పడితే అన్నాళ్లు అందులోనే. చదివినప్పుడల్లా నాకు ఆ డాక్టరమ్మ కంటే పెద్దమ్మే గుర్తొచ్చేది. ఈవిడా అట్లాగే మూసుకుని కూర్చుంది. రాకెట్టు పోయేదాకానని ఒప్పుకున్న అబద్ధం రోజులూ వారాలూ సాగిపోయింది.

పైగా సారుకు ఆమె నాలుక మీద గురి కుదిరింది. ఎవరొచ్చినా కిచెన్‌లోకి తీసుకొచ్చి, "మా పెద్దమ్మ ఒక్క ముద్దతో చెప్పేస్తుంది చూడండి" అనేవాడు. పెద్దమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నా చేతుల వైపు చూసేది. నేను సెలవు పెట్టలేకపోయాను. మా అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిన రోజు కూడా మా ఆయన్ని పంపాను. అమ్మ అలిగింది.

వానలకు నాకు జలుబు పట్టింది. ముక్కులు దిబ్బడేశాయి, నోరంతా మట్టి. ఆ రోజే సారు ఎవరో ఇద్దరు ఆఫీసర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. గిన్నెలో టమాటా పప్పు. నేను రుచి చూశాను, నాకేమీ తెలియలేదు. పెద్దమ్మ నా వైపు చూసింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అర్థంకాక ముక్కు తుడుచుకున్నాను. ఆమెకు విషయం తెలిసిపోయింది. ఒక ముద్ద మింగి, "సరిపోయింది సారు" అంది. ఆఫీసర్లు తిన్నారు, తల ఊపారు. వాళ్లు వెళ్లాక చూస్తే పెద్దమ్మ చెమటలు కక్కుతోంది.

"ఇగ నాతోని కాదు బిడ్డా" అంది. "గా రాకెట్టన్న పోవాలె, నేనన్న పోవాలె."

చివరకు ఒక మధ్యాహ్నం అది పోయింది. క్యాంటీన్ టీవీ ముందు షిఫ్టు షిఫ్టంతా నిలబడి చూశాం. ఎవరో ఈలేశారు. ఒడిశా నుంచి వచ్చి మా దగ్గర వేపుళ్లు చేసే కుర్రాడు రెండు చేతులూ జోడించాడు. పెద్దమ్మ బోర్లించిన గిన్నె మీద కూర్చుని, రాకెట్టు చుక్కయ్యేదాకా చూసి, "పోయింది" అంది. మర్నాడది స్టేషన్‌కు అతుక్కుందన్నారు. తలుపు తీసుకుని నలుగురూ లోపలికి ఈదుకుంటూ పోయారు.

కొన్నాళ్లకు భోజనాల వేళ సారు పరుగున క్యాంటీన్‌కు వచ్చాడు. "పెట్టండి, పెట్టండి, మన పులిహోర తింటోంది" అన్నాడు. టీవీలో డాక్టరమ్మ. జుట్టంతా పైకి లేచి ఉంది. మొహం ఉబ్బి, కళ్లు చిన్నవైపోయాయి. చేతిలో పసుపుపచ్చ ప్యాకెట్. మెతుకు చెంచాకు బుద్ధిగా అంటుకుని ఉంది. నోట్లో పెట్టుకుంది. ఆవిడ నమిలింది, ఆగింది, పక్కనుంచి ఎర్రటి సాసు సీసా లాక్కుని ప్యాకెట్‌లో బాగా పిండింది. మళ్లీ తింది. ముక్కు వేలితో చూపించి, ఇక్కడ నాకు దేనికీ రుచి తెలియడం లేదని ఇంగ్లీషులో చెప్పి పకపకా నవ్వింది.

క్యాంటీన్‌లో గొణుగుడు మొదలైంది. "పులిహోరల సాసేంది?" అన్నాడు ఒకడు. సారు మొహం చిన్నబోయింది. "అక్కడి అలవాట్లు అట్లా ఉంటాయిలే" అని టీవీ గొంతు తగ్గించాడు. ఆవిడ ఏం చెప్పిందో పెద్దమ్మ నన్నడిగింది. చెప్పాను.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"అలవాటు గాదు సారు. గామెకు తెలుస్తలేదు. నాకు గూడ తెల్వది."

"ఏం తెలీదు?"

"రుచి. జ్వరాలప్పటి నుంచి తెల్వది. గామెను చూడుండ్రి. గంత చదువుకున్నామె, దునియంత చూస్తుంటె నాకు తెలుస్తలేదని నవ్వుకుంట చెప్తున్నది. నేనేమొ దొంగసొమ్ము దాసినట్టు దాసిన. ఎంగిలని దేవుణ్ని అడ్డం పెట్టుకున్న."

సారు ఆమె వైపు తిరిగి, "మరి రోజూ నా ముందు ఎట్లా చెప్పారు?" అన్నాడు.

"నోటికొచ్చింది చెప్పిన" అంది పెద్దమ్మ. నా వైపు చూడనైనా చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. "నేను చెప్పేదాన్ని సారు" అన్నాను. "నేను సైగ చేసేదాన్ని." అందరూ మా ఇద్దర్నీ చూస్తున్నారు. టీవీలో ఆవిడ ఇంకా తింటూనే ఉంది. సారు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాడు నన్ను పిలిచాడు. కేకలేస్తాడనుకున్నాను. కోపం కంటే నామోషీ ఎక్కువ కనపడింది ఆయనలో, అన్నిసార్లు అందరి ముందూ పొగిడాడు కదా. రుచి తెలియని మనిషిని ట్రయల్ కిచెన్‌లో ఉంచడం కుదరదన్నాడు. అందులో ఆయన్ని తప్పుపట్టను. ఇంటికి పంపుతాడేమోనని నేను మాటలు కూడదీసుకుంటుంటే, "కార్మికుల క్యాంటీన్‌లో వండమనండి, అక్కడైతే చేత్తో వండుతుందిగా" అన్నాడు. పోతానన్న పెద్దమ్మ పోలేదు. "పొమ్మంటె పోదును. వండుమంటె ఎందుకు పోత?" అంది.

మూడో రోజో నాలుగో రోజో నేను ప్లేటు పట్టుకుని ఆ క్యాంటీన్ లైన్లో నిలబడ్డాను. పెద్దమ్మ పెద్ద బగోన పక్కన పప్పు వడ్డిస్తోంది. వడ్డిస్తూ, వచ్చినవాడినల్లా గట్టిగా, సిగ్గులేకుండా అడుగుతోంది: "ఉప్పెట్లున్నది? చెప్పి పో." ఒకడు బాగుందన్నాడు. ఇంకొకడు తెలియదన్నాడు. "తినుకుంట తెల్వదంటవేంది, నీకు గూడ పోయిందా?" అంటే లైను లైనంతా నవ్వింది. తనకు రుచి తెలియదని ఒప్పుకునే మాట ఏ వంటామె నోటా నేనెప్పుడూ వినలేదు. అది బయటపడుతుందనే భయంతోనే కదా ఆమె అన్నేళ్లు గడిపింది. నా వంతు వచ్చింది. ప్లేటులో పప్పు వేసి, చెయ్యి తియ్యకుండా నిలబడింది.

"నువ్వు చెప్పు."

ఒక ముద్ద తిన్నాను. నా చేతులు వాటంతటవే కట్టుకోబోయాయి. "సరిపోయింది పెద్దమ్మా" అన్నాను.

"నిజం చెప్పు బిడ్డా. ఇప్పుడిగ మనల్నెవరు చూస్తలేరు."

"కొంచెం ఎక్కువైంది" అన్నాను.

"గట్ల చెప్పాలె" అని, మూత తీసి బగోనలో చెంబెడు వేణ్నీళ్లు పోసింది.